ఆఠీన్లు లేవా, పార్టనర్?

నాకు కోపం ఎక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. బెంగళూరులో బ్రిడ్జి క్లబ్బులో చేరిన మొదటి ఏడాదిలోనే ముగ్గురు పార్టనర్లు నన్ను వదిలించుకున్నారు. ఒకాయన ట్రాన్స్‌ఫరైందని చెప్పి మానేశాడు. ఆర్నెల్ల తర్వాత గాంధీబజారులో దోసె తింటూ నా కంటపడ్డాడు. పాపం, ఆ దోసె సగంలోనే వదిలేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

మాది రాజమండ్రి. తొంభైల మొదట్లో బ్యాంకు నన్ను బెంగళూరుకి బదిలీ చేసింది. మావారి ఫ్యాక్టరీ జిగణిలో ఉండేది, ఆయన ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటేది. నాకేమో సాయంత్రం అయిదుకల్లా చేతులు ఖాళీ. చిన్నప్పుడు మేనమామల పక్కన కూర్చుని రమ్మీ ఆడినదాన్ని. ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను నాకు ఎక్కాల కంటే ముందే వచ్చు. బ్యాంకులో ఒక కన్నడ ఆఫీసరమ్మ లంచి టైములో బ్రిడ్జి నేర్పింది. ఆవిడా తర్వాత నాతో ఆడడం మానేసిందనుకోండి, అది వేరే సంగతి.

క్లబ్బంటే పెద్ద భవనమేం కాదు. బసవనగుడిలో ఒక పాత ఇంటి హాలు, దాని ముందు వరండా. బుధవారం, శనివారం సాయంత్రం అయిదున్నరకి ఎనిమిది బల్లలు వేసేవాళ్ళం. బల్లకి నలుగురు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు జోడీ. మనిషికి పదమూడు ముక్కలు. ముందు వేలంపాటలాగా పాట నడుస్తుంది, మేమిన్ని ట్రిక్కులు గెలుస్తామంటే మేమిన్ని గెలుస్తామని. పాట ఎవరికి వస్తే వాళ్ళు ఆడతారు. వాళ్ళ పార్టనరు తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి నోరు మూసుకుని, ఆడేవాళ్ళు చెప్పిన ముక్క వేస్తూ కూర్చోవాలి. ఆ మనిషిని డమ్మీ అంటారు. ఒకరు ఏ గుర్తు ముక్క వేస్తే మిగతావాళ్ళు ఆ గుర్తే వెయ్యాలి. పెద్ద ముక్క వేసినవాళ్ళకి ఆ నాలుగు ముక్కల ట్రిక్కు. ఆ గుర్తు చేతిలో ఉంచుకుని ఇంకోటి వేశారో, జరిమానాగా ట్రిక్కులు పోతాయి, పరువూ పోతుంది. ఆట అయ్యాక ఎవరి పదమూడు ముక్కలు వాళ్ళు ఒక ట్రేలో తమ అరలో పెట్టేస్తారు. ఆ ట్రే పక్కబల్లకి వెళ్తుంది, రౌండుకోసారి ఒక జోడీ లేచి ఇంకో బల్లకి వెళ్తుంది. అంటే అందరికీ అవే ముక్కలు. చెయ్యి బాగా పడలేదని ఏడవడానికి వీల్లేదు. పక్కవాళ్ళు అవే ముక్కలతో గెలిచి చూపిస్తే నాకు ఒళ్ళు మండకేం చేస్తుంది?

మూడో పార్టనరు కూడా పారిపోయాక సెక్రటరీగారు నన్ను పక్కకి పిలిచారు. టెలిఫోన్లలో ఇంజనీరుగా చేసి రిటైరైన కన్నడాయన, నెమ్మదిమనిషి. "మేడమ్, మీకు ఒకే ఒక్కరు సరిపోతారు. ఆయనకి కోపం రాదు," అని ఒక పెద్దాయన ఎదురుగా కూర్చోబెట్టారు.

ఆ పెద్దాయనకి చిక్‌పేటలో దారాల కొట్టు. అప్పటికి అరవైకి దగ్గరగా ఉంటారు. నాలుగు తరాలుగా బెంగళూరులోనే, ఇంట్లో తెలుగు. తిరుపతి తప్ప ఆంధ్రాలో ఏ ఊరూ చూడలేదు. మొదటిరోజు నన్ను "అమ్మణ్ణీ, మీది ఏ ఊరు?" అని అడిగారు. చెప్పాను. "ఓ, చానా దూరం ఉండాదే!" అన్నారు. ఆ 'ఉండాదే' విని నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వారు. నేను బాబాయిగారూ అని పిలవడం మొదలుపెట్టాను.

నిజంగానే ఆయనకి కోపం రాదు. ఆట అవగానే నేను మొదలుపెట్టేదాన్ని. "ఏమిటండీ బాబాయిగారూ, రాజుని అక్కడ ఖర్చుచేస్తారా? నాలుగో ట్రిక్కులో కుడిచేతి ఆయన కళావరు మూడు వేశాడు, చూశారా? తర్వాత జాకీ వేశాడు. అంటే రాణి ఎవరి దగ్గరున్నట్టు?" ఇలా మొదటి ముక్క నుంచి ఆఖరి ముక్క దాకా. మిగతావాళ్ళు కాఫీకి లేచిపోయేవాళ్ళు. ఆయన మాత్రం తల కొంచెం వంచి చివరిదాకా విని, "కరెక్టమ్మా. తప్పైపోయింది," అనేవారు. మళ్ళీ ఆ తప్పు చేసేవారు కాదు, కొత్త తప్పు చేసేవారు. అలా పదేళ్ళు ఆడాం. క్లబ్బు పోటీలో రెండుసార్లు కప్పు కొట్టాం, మైసూరు వెళ్ళి ఒకసారి అందరికంటే ఆఖరున వచ్చాం. తిరుగు రైల్లో మద్దూరు దాకా తిట్టి, నోరు నొప్పిపుట్టి ఆపేశాను. ఆయన నాకు మద్దూరు వడ కొనిపెట్టారు.

రెండువేలు దాటాక క్లబ్బులో కొన్ని మార్పులు వచ్చాయి. హూడి, బెళ్ళందూరు వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే కుర్రజంటలు చేరారు. ట్రాఫిక్కులో ఇరుక్కుని ఆరున్నరకి వచ్చి, రెండు ఆటలు పోగొట్టుకుని కూర్చునేవాళ్ళు. పాట నోటితో పాడడం మానేసి, అచ్చువేసిన చీటీల పెట్టెలు తెచ్చారు. నోటితో పాడితే గొంతులోనే పార్టనర్‌కి అన్నీ తెలిసిపోతున్నాయని కంప్లయింటు. ఆ కంప్లయింటులో సగం నా గొంతు మీదే అని తర్వాత తెలిసింది. దాంతో హాలు పరీక్షల హాలైపోయింది. మా సెక్రటరీగారికి ఆ నిశ్శబ్దం అంటే మహా గర్వం.

బాబాయిగారి ఆట ఆ తర్వాతే చెడింది. ఆఠీన్లు అడిగితే డైమను వేసేవారు, రెండూ ఎరుపే. మన పాటకి మనమే ఆడుతున్నప్పుడు డమ్మీకి ఒక్క మాట అనే హక్కు ఉంటుంది, "ఆఠీన్లు లేవా, పార్టనర్?" అని. పొరపాటేమో చూసుకోమని మర్యాదగా గుర్తుచెయ్యడం అది. నేను పోలీసు అడిగినట్టు అడిగేదాన్ని. ఆయన ముక్కల్ని చెవి పక్కకి తీసుకెళ్ళి ఓరగా చూసి, "ఉండాదమ్మా, ఉండాది," అని మార్చుకునేవారు. ఆ ఓరచూపు చూస్తే నాకింకా మండేది. నాటకాలాడుతున్నారనుకున్నాను. ఎదుటివాళ్ళ ఆటప్పుడైతే ఆ మాత్రం అడగడానికీ రూలు ఒప్పుకోదు. కళ్ళముందే ట్రిక్కులు పోతుంటే పళ్ళు నూరుకుంటూ కూర్చోవడమే.

క్లబ్బు విశేషాల కాగితం నెలకొకటి నేనే రాసేదాన్ని. ఒక్క పేజీ, ఇంగ్లీషులో. ఎవరు గెలిచారు, ఎవరింట్లో పెళ్ళి, వార్షికోత్సవంలో బిసిబేళెబాత్ ఎలా ఉంది, ఇలాంటివి. ఒక నెల అందులో నాలుగు లైన్లు చేర్చాను. మన క్లబ్బులో ఒక పెద్దమనిషికి ఎరుపంతా ఒకటే, దారాల వ్యాపారికి ఆ మాత్రం రంగులు తెలియకపోతే చీరలకి ఏ అంచులు పడుతున్నాయో ఆ భగవంతుడికే ఎరుక, అని. పేరు రాయలేదు. రాయాల్సిన పనేముంది? అందరూ పడిపడి నవ్వారు. ఆ శనివారం ఆయన కూడా నవ్వారు. "బాగా రాసినావమ్మా," అన్నారు.

తర్వాతి శనివారం మాకు మామూలుగా దొరికే కిటికీ పక్క బల్ల దొరకలేదు. ఆ బల్ల కోసం ఆయన సెక్రటరీగారిని ముందే అడిగి పెట్టుకునేవారు. మోకాళ్ళ నొప్పులు, లేచి తిరగలేకేమో అనుకునేదాన్ని. ఆరోజు బల్లబల్లకీ తిరగాల్సి వచ్చింది. మూలబల్ల దగ్గర ఒక్క రౌండులో మూడుసార్లు తప్పు ముక్క వేశారు. మూడోసారి నాకు తల తిరిగిపోయింది. లేచి నిలబడ్డాను.

"ఆఠీనుకీ డైమనుకీ తేడా తెలియనప్పుడు ఇక్కడికెందుకండీ రావడం? ఇంట్లో కూర్చుని మనవలతో గవ్వలాడుకోండి!"

నిశ్శబ్దం కోసం పెట్టెలు తెచ్చుకున్న హాలది. ఎనిమిది బల్లలూ విన్నాయి. ఆయన ముక్కలు పోగుచేసి, ట్రేలో తన అర ఎక్కడుందో వేళ్ళతో తడిమి చూసుకుని అందులో పెట్టారు. ఎదుటి జోడీకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. నేను ఆ తడమడం చూశాను, చూసి కూడా నాకేం తట్టలేదు. అంత కోపంలో ఉన్నాను.

మూడు వారాలు ఆయన రాలేదు. నాతో కూర్చోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. సెక్రటరీగారు, "ఫోన్ చేస్తే ఆరోగ్యం బాగాలేదన్నారు, మేడమ్," అని నావైపు చూడకుండా అన్నారు. పదేళ్ళలో ఆయన ఆరోగ్యం బాగాలేదని మానేసింది లేదు. నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. నాలుగో శనివారం పొద్దున ఒక చిలకాకుపచ్చ జాకెట్టు గుడ్డ చేతిసంచిలో పెట్టుకుని చిక్‌పేట వెళ్ళాను. దారం కొనే వంకతో క్షమాపణ చెప్పుకోవచ్చని.

కొట్టు చిన్నది. గోడలనిండా దారం ఉండలు. బాబాయిగారు గడప దగ్గర స్టూలు మీద, వెలుతురులో కూర్చుని ఉన్నారు. లోపల ఆయన భార్య గల్లాపెట్టె దగ్గర ఉన్నారు. నేను గొంతు విప్పకుండా గుడ్డ ఆయన చేతికిచ్చాను. ఆయన నా మొహంవైపే చూసి, "ఏ కలర్ కావాల్నమ్మా?" అని అడిగారు. ఎవరో తెలియని మనిషిని అడిగినట్టు అడిగారు.

"బాబాయిగారూ," అన్నాను.

"ఓ, అమ్మణ్ణీ! నువ్వా! గొంతు ఇయ్యకుండా నిలబడితే ఎట్ల తెలుస్తాది?" అని లేవబోయారు.

లోపలినుంచి ఆవిడ బయటికి వచ్చారు. నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "నువ్వేనా ఆ కాగితం రాసే యమ్మ? నేనే చదివి చెప్పినాను ఆయనకి. చదివేటప్పుడు నాకు నోరు రాలేదు. ఆయనే, ఊఁ, చదువు చదువు అన్నాడు," అన్నారు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బాబాయిగారు ఆవిడని, "సుమ్నే ఉండు, కాఫీ చెప్పు పో," అని ఊరుకోబెట్టి పంపేసి నాకు స్టూలు చూపించారు. అప్పుడు చెప్పారు. రెండు కళ్ళలోనూ నడిమధ్యన మచ్చ. రెండేళ్ళైంది. పక్కలకి కనబడుతుంది, ఎదురుగా ఏముందో అది కనబడదు. డాక్టర్లు ఇంక బాగుపడదన్నారు. ఎరుపులో ఆకులాంటిది ఆఠీనో, పలకలాంటిది డైమనో వెలుతురు బాగుంటే ఓరగా చూసి పట్టుకోగలరు, లేకపోతే లేదు.

"రెండేళ్ళు! ఒక్క మాట చెప్పొద్దూ నాకు?" అన్నాను. క్షమాపణకి వెళ్ళి అక్కడా గొంతు లేపాను.

"చెప్తే పార్టనర్‌ని మార్చుకుంటావు గదా. నేను ఇంకెవరితో ఆడేది? కొట్లో ఈమె ఉండాది, రంగులు చూస్తాది. ఇంట్లో అందరూ ఉండారు. ఆట ఒక్కటే నాది అని ఉండాది, అమ్మణ్ణీ. అది గూడా పోతే సాయంత్రం ఏం చేసేది?"

నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా కూర్చుని ఏడ్చాను. ఆయనకి కనబడదన్న సంగతి గుర్తొచ్చి మరీ ఏడుపొచ్చింది. కాఫీ తాగి, "మీరు ఆడతారు. నేను చూసుకుంటాను," అని చెప్పి లేచాను. దారం కొనలేదు.

బ్యాంకులో అడిగితే ఒక కుర్రాడు కంప్యూటర్లో వెతికి చెప్పాడు. చూపు లేనివాళ్ళు ఆడే బల్ల దగ్గర నలుగురూ తమ పాటా, తాము వేసే ముక్క పేరూ పైకి చెప్తారట. డమ్మీ తన పదమూడు ముక్కలూ చదివి వినిపిస్తుందట. పెద్ద అక్షరాల పేకలు కూడా దొరుకుతాయట. ఇదంతా రాసుకుని కమిటీ ముందు పెట్టాను. ఒక రిటైర్డ్ లెక్చరరుగారు వెంటనే అడ్డుపడ్డారు. ముక్కల పేర్లు పైకి చదివితే, అదే ట్రే తర్వాత ఆడబోయే పక్కబల్లవాళ్ళకి అన్నీ వినబడిపోవూ, అని. న్యాయమైన మాటే. "అయితే మా బల్ల వరండాలో వెయ్యండి," అన్నాను. "పోటీ ఆటలో ఇవన్నీ ఎందుకమ్మా, ఆయన సరదాకి ఇంటి దగ్గర ఆడుకోవచ్చు కదా," అన్నారు ఆయన. ఆ మాట నేనూ అన్నదే కదా, గవ్వలతో సహా. చివరికి సెక్రటరీగారు తేల్చారు. ఒక్క శనివారం చూద్దాం, వరండాలో మీ బల్లకి వచ్చిన జోడీల్లో ఏ ఒక్కరు ఇబ్బందన్నా అక్కడితో ఆపేద్దాం.

ఆ నెల కాగితంలో పోయిన నెల నాలుగు లైన్లకీ క్షమాపణ రాద్దామని ఆయన్ని ఫోన్లో అడిగాను. "రాయి. కన్ను పోయింది అని రాయి. పాపం అని మాత్రం రాయొద్దు," అన్నారు. అలాగే రాశాను.

ఆ శనివారం వరండాలో చలి. నేను స్వెట్టరు, ఆయన మఫ్లరు. ఒక జోడీ తర్వాత ఒక జోడీ లోపలినుంచి వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నారు. మొదట అందరికీ మొహమాటంగా ఉంది. ఏళ్ళ తరబడి నోరు మూసుకుని ఆడినవాళ్ళాయె. "డైమను నాలుగు," అనడానికి గొంతు సవరించుకునేవాళ్ళు. ఒక సాఫ్ట్‌వేర్ పిల్ల ముక్క వేసి చెప్పడం మర్చిపోయి, "సారీ అంకుల్, కళావర్ రాణి," అంది నాలిక కరుచుకుని. ఆయన మాత్రం మహారాజులా ఉన్నారు. పెద్ద అక్షరాల పేక ముక్కల్ని ఓరగా ఒక్కసారి చూసుకుని సర్దుకునేవారు. మిగతా ముప్ఫైతొమ్మిదీ చెవిలోంచి తలలోకి వెళ్ళిపోయేవి. ఒక్కసారి కూడా తప్పు ముక్క పడలేదు. నేను "ఆఠీన్లు లేవా" అని ఒక్కసారి కూడా అడగలేదు. లెక్చరరుగారి జోడీ వచ్చినప్పుడైతే నా ముక్కలు రెండుసార్లు చదివి వినిపించాను.

ఆఖరి రౌండులో ఆఖరి ఆట. పాట ఆయనకి వచ్చింది, నేను డమ్మీని. తొమ్మిది ట్రిక్కులు కావాలి. ఎనిమిది వచ్చేశాయి. ఇస్పేట్లలో పెద్దవన్నీ అయిపోయాయి, బల్ల మీద నా ముందున్న ఇస్పేటు తొమ్మిదే మిగిలినవాటిలో పెద్దది. దాన్ని దాచుకుంటే చాలు. ఆయన, "ఇస్పేటు తొమ్మిది పారేయమ్మా," అన్నారు. డమ్మీ నోరెత్తకూడదు. పారేశాను. ఆట పోయింది.

ఇంతలో సెక్రటరీగారు వరండాలోకి వచ్చారు. అందరినీ అడిగారట, ఎవరికీ ఇబ్బంది లేదన్నారట. లెక్చరరుగారైతే బల్ల మీద ఇంకో లైటు వేయిస్తే బాగుంటుందన్నారట. "వచ్చే శనివారం కూడా మీ బల్ల ఇక్కడే," అని బాబాయిగారి భుజం తట్టి వెళ్ళారు. నాకు గంతులు వెయ్యాలనిపించింది. అందరూ లోపలికి పోయారు. మేమిద్దరమే మిగిలాం.

"ఆఖరి ఆట ఎట్ల పోయిందమ్మా?" అని అడిగారు.

"పర్వాలేదు బాబాయిగారూ. ఎవరికైనా జరుగుతుంది. చాలా బాగా ఆడారు," అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఏ పార్టనర్‌తోనూ అనని మాటలవి.

ఆయన మఫ్లరు విప్పి మడతపెట్టారు. మొహం చిన్నబోయింది. "అయితే నేను ఇంక రాను," అన్నారు.

"అదేమిటి! అందరూ ఒప్పుకున్నారు కదా!"

"వాళ్ళు ఒప్పుకున్నారు. నువ్వు వదిలేసినావు. ఈ రెండేళ్ళు బల్ల మీద ఎవరు ఏం వేసినారో నాకు ఏమన్నా కనబడిందా? ఆట అయినాక నువ్వు తిడతావు చూడు, ఫలానావాడు ఫలానా ముక్క వేసినాడు, నువ్వు ఇది వేసినావు అని మొదట్నుంచి, అప్పుడు కనబడేది నాకు. ఆ తిట్లలోనే నేను ఆటంతా చూసింది. పర్వాలేదు అనేవాళ్ళు నాకు ఇంట్లో జాస్తి మంది ఉండారమ్మా. దానికి ఈడికి రావల్నా?"

నేను స్వెట్టరు చేతులు పైకి లాక్కున్నాను.

"పది ఎప్పుడో పోయిందండీ!" అన్నాను. "ఎడమచేతి ఆవిడ రెండో ట్రిక్కులోనే వేసింది, ఇస్పేటు పది అని గొంతు చించుకుని మరీ చెప్పింది. బుర్ర ఎక్కడ పెట్టుకున్నారు? నా తొమ్మిది అంత పెద్దదై బల్ల మీద కూర్చుంటే, దాన్ని తీసి పారేయమంటారా! చేతికొచ్చిన ఆటండీ! చేతికొచ్చిన ఆట!"

లోపల కుర్చీలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. నా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం తగ్గలేదు. బాబాయిగారు మఫ్లరు మళ్ళీ మెడకి చుట్టుకుని, కుర్చీ ముందుకి లాక్కుని, తల ఒక పక్కకి వంచారు.

"అట్ల కాదమ్మా, నడిమధ్యలోంచి కాదు," అన్నారు. "మొదటి ట్రిక్కు నుంచి చెప్పు."